ఫుట్‌బోర్డు మీది బూటు

నేను చెప్పులు కుట్టేవాణ్ణి.
కార్ల జోలికి పోయినవాణ్ణి కాను.
ఎల్బియో తూర్న్ రెండు ఇనప రేకుల్ని
తడిసిన గొర్రెపిల్లల్లా చెరో చంకనా ఇరికించుకొచ్చి
నా బల్ల మీద పడేసి,
"రబ్బరూ జిగురూ నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు.
ఉరుగ్వేలో, మా కొలోనియా వాల్దెన్సేలో
పని అంటగట్టే ముందు ఓ పొగడ్త విసురుతారు.

వాళ్ళ తాత కొన్న ముప్ఫైఒకటో సంవత్సరం షెవ్రొలే.
కొన్నేళ్ళు పాలక్యాన్లు మోసింది.
చాలా ఏళ్ళు దాని సీట్లలో కోళ్ళు పొదిగాయి.

పాత రబ్బరు పీకేముందు ఒక పూటంతా చూశాను.
అరిగిన అడుగు చూసి మనిషిని చెప్పడం నా వృత్తి.
పోస్టుమాన్‌కి కుడి మడమ పోతుంది.
అప్పులున్నవాడు అంచుల మీద నడుస్తాడు.
ఇక్కడ తలుపుల కింద అరుగుడు,
అందరూ ఎక్కే చోటే, వింతేం లేదు.
వెనక చివర, తలుపే లేని చోట,
చారలు చారలుగా ఉండాల్సిన రబ్బరు
నున్నబడి, రెండు పాదాలంత గుంట.
మేకుల బూట్లు.
మడమలు ముందుకి, వేళ్ళు వెనక్కి.
కారు పోయే దిక్కుకి వీపు పెట్టి
ఎవరో ఏళ్ళ తరబడి నిలబడ్డారు.

"బరువైన మనిషి," అన్నాను,
"నలభై దాటి ఉంటాయి. ఎడమకాలు ఈడుస్తాడు."
ఎల్బియో బుర్ర గోక్కుని
వాళ్ళ మేనత్తని తీసుకొచ్చాడు.

క్లేలియాకి తొంభై ఒకటి.
కళ్ళజోడు పెట్టుకోలేదు. గుంటలో వేలుపెట్టి తడిమింది.
"నేనే," అంది.
"అన్న బూట్లు. ముందు కాగితాలు కుక్కుకునేదాన్ని.
ఎడమది మరీ వదులు.
పదకొండేళ్ళప్పుడు మొదలు.
ప్రతి గురువారం సంతకి ఆవుల్ని వెనక కట్టేవాడు నాన్న.
తాడుతో లాగితే ఆవు నడవదు,
మొహం కనిపిస్తే నడుస్తుంది.
అందుకని వెనక్కి తిరిగి నిలబడి మాట్లాడేదాన్ని.
మూడు గంటలు. కారు ఆవు నడకన."

"ఏం మాట్లాడేవారు?"
"అబద్ధాలు," అంది.
"అవతల గడ్డి బాగుంటుందని."

తర్వాత చాలాసేపు నేనేం మాట్లాడకుండా గీకాను.
వేడిగాలి పడితే కొంత పెచ్చులా లేచింది,
కొంత పాకంలా సాగింది.
కింద తుప్పు. తుప్పు కింద చిల్లులు.
చిల్లుల్లోంచి నా మోకాలు కనబడింది.
వెల్డింగుకి పంపి, నున్నగా రుద్ది, నల్లరంగు వేశాను.

జిగురు రెంటికీ రాయాలి, రేకుకీ రబ్బరుకీ.
రాసి ఆగాలి.
వేలి కణుపు ఆనిస్తే అంటీ అంటనట్టుండాలి.
తొందరపడితే బుడగలు. ఆలస్యమైతే మొండికేస్తుంది.
ఒక్కసారి తాకాయా, ఇక సర్దుబాట్లు లేవు.
నడిగీతకి నడిగీత కలిపి,
మధ్యనుంచి అంచులకి రోలరు నొక్కుతూ,
మూలల్ని వేడిచేసి,
బూటు తోలుని అచ్చు మీదికి లాగినట్టు
కిందికి మడిచాను.
అంచున అల్యూమినియం పట్టీల సంగతి నాకు రాదు,
ఆ క్లిప్పులు ఎల్బియోయే బండబూతులతో బిగించాడు.

అరిగిన మూల మాత్రం కోసి దాచి, ఆమెకిచ్చాను.
"దీంతో నేనేం చేసుకోను?" అంది.
"పొయ్యిలో వెయ్యకు, కంపు కొడుతుంది."

వారం రోజులు ఎవరూ కాలు పెట్టొద్దని
అట్టముక్క మీద రాసి తలుపుకి కట్టాను.
మూడో నాడు షెడ్డు తెరిచేసరికి
వెనక మూలన, కొత్త చారల్లో
చేతికర్ర మొన గుండ్రంగా దిగి ఉంది.
పక్కనే చెప్పు మడమ.
ముందుకి తిరిగి.

రోలరు తీశాను.
జిగురింకా పచ్చిగానే ఉంది, సరిచెయ్యొచ్చు.
రోలరుని మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

ఎల్బియో అడిగితే
రబ్బరే అలా వచ్చిందని చెబుతాను.